ఫ్రిజ్ లీకవుతోందా? మీరే చూసుకోవాలా, మెకానిక్‌ని పిలవాలా, కంపెనీకి చెప్పాలా, మార్చేయాలా?

"ఫ్రిజ్ లీకవుతోంది" అనే మాట రెండు జబ్బులకు వాడతాం. ఒకటి నీళ్లు కారడం, రెండోది గ్యాస్ పోవడం. నీళ్లు కంటికి కనిపిస్తాయి కాబట్టి కంగారు పెడతాయి, కానీ చాలాసార్లు అరగంట పనితో, పెద్ద ఖర్చు లేకుండా తేలిపోతుంది. గ్యాస్ కనిపించదు, డబ్బు వదిలించేది అదే. నేల మీద నీళ్లు చూసి "గ్యాస్ పోయిందేమో" అని గ్యాస్ కొట్టించుకునేవాళ్లున్నారు. గ్యాస్ పైపులోంచి నీటి చుక్క రాదు. అక్కడ కనిపిస్తే గిస్తే ఓ నూనె మరక కనిపిస్తుంది, అంతే.

అందుకే ఎవరిని పిలవాలన్నది తర్వాత. జబ్బు ఏదో ముందు తేల్చుకోవాలి.

## ఫోన్ తీసేముందు చూడాల్సినవి

చల్లదనం తగ్గిందా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. మధ్య అరలో ఓ గ్లాసు నీళ్లు పెట్టి అందులో థర్మామీటర్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉంటే యంత్రం బాగానే ఉన్నట్టు, మీది నీళ్ల సమస్యే. థర్మామీటర్ లేకపోతే ఐస్ ట్రే చూడండి. నిన్న పోసిన నీళ్లు ఇవాళ్టికి రాయిలా గడ్డకట్టాలి.

నీళ్లు సరిగ్గా ఎక్కడ పుడుతున్నాయి? నేలంతా తుడిచి, ఫ్రిజ్ ముందూ వెనకా పక్కలా పాత న్యూస్‌పేపర్ పరవండి. రెండు మూడు గంటల తర్వాత ఏ కాగితం ముందు తడిసిందో చూడండి. ప్లాస్టిక్ స్టాండ్ మీద ఉన్న ఫ్రిజ్ అయితే వెనక కారిన నీళ్లు స్టాండ్ గాడిలో పారి ముందుకొస్తాయి. దాంతో తలుపు దగ్గర లీకని మోసపోతాం.

సింగిల్ డోరా, డబుల్ డోరా? సింగిల్ డోర్‌లో మంచు మనమే కరిగించాలి. థర్మోస్టాట్ (చల్లదనం ఎక్కువ తక్కువ చేసే నాబ్) మధ్యలో ఉన్న బటన్ నొక్కితే కంప్రెసర్ ఆగి, మంచు కరిగి, ఫ్రీజర్ కింది ట్రేలోకో వెనక ట్రేలోకో నీళ్లు దిగుతాయి. డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీలో ఈ పని దానంతట అదే జరుగుతుంది. ఫ్రీజర్ వెనక గోడ చాటున ఉన్న కాయిల్ మీది మంచును కొన్ని గంటలకోసారి హీటర్ కరిగిస్తుంది. ఆ నీళ్లు గొట్టంలోంచి కంప్రెసర్ మీది ట్రేలోకి దిగి, దాని వేడికి ఆవిరైపోతాయి. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా మీ కాళ్ల కింద నీళ్లే.

వారంటీ, వయసు. చాలా కంపెనీలు మొత్తం ఫ్రిజ్‌కి ఏడాది, ఒక్క కంప్రెసర్‌కి పదేళ్లు ఇస్తాయి. ఆ పదేళ్లు గ్యాస్‌కీ, పైపులకీ, కూలీకీ వర్తించవని కార్డులో సన్నక్షరాల్లో ఉంటుంది. ముందే చదివి పెట్టుకోండి.

| నీళ్లు ఎక్కడ | చల్లదనం | ఎక్కువగా కారణం | ఎవరి పని |
|---|---|---|---|
| లోపల, కూరగాయల బాక్స్ కింద | బాగుంది | డ్రెయిన్ (నీళ్లు దిగే) రంధ్రం మూసుకుపోయింది | మీదే |
| ఫ్రీజర్ అడుగున మంచు పలక, కింది అరలోకి చుక్కలు | బాగుంది | ఫ్రీజర్ డ్రెయిన్ గడ్డకట్టింది | ముందు మీది, మళ్లీ వస్తే మెకానిక్‌ది |
| వెనక నేల మీద | బాగుంది | ట్రే పగిలింది, జరిగింది, లేదా గొట్టం ఊడింది | మీదే |
| తలుపు అంచుల్లో | కాస్త తగ్గింది | గాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు) సరిగా అతుక్కోవడం లేదు | మీదే, లేదా మెకానిక్‌ది |
| బయట బాడీ మీద చెమట | బాగుంది | వానాకాలం తేమ | గుడ్డ చాలు |
| కరెంటు పోయినప్పుడల్లా వరద | పైన ఉంది, కింద లేదు | డీఫ్రాస్ట్ (మంచు కరిగించే) హీటర్, బైమెటల్ (చల్లదనాన్ని బట్టి ఆ హీటర్‌కి కరెంటు కలిపే స్విచ్) లేదా టైమర్ | మెకానిక్, కంపెనీ |
| నీళ్లు లేవు, ఫ్రీజర్‌లో ఒక మూలే మంచు | పోయింది | గ్యాస్ లీక్ | కింద చదివి నిర్ణయించుకోండి |

బాడీ చెమట గురించి ఒక్క మాట. విశాఖ, నెల్లూరు లాంటి తీరం ఊళ్లలో జులై, ఆగస్టుల్లో అది మామూలే. కానీ ఎప్పుడూ లేనిది ఈసారి తలుపు చుట్టూ ఉన్న ఫ్రేమ్‌కే చెమట పడుతూ, చల్లదనం కూడా తగ్గుతుంటే తేమను తిట్టి ఊరుకోకండి. చాలా ఫ్రిజ్‌లలో ఆ ఫ్రేమ్ లోపల వేడి గ్యాస్ పైపు తిరుగుతుంది. గ్యాస్ తగ్గితే ఆ వేడీ తగ్గి అక్కడ చెమట పడుతుంది.

## మొదటి దారి: మీరే చేసుకోవడం

పైన టేబుల్లో "మీదే" అని ఉన్న ఏ పనికైనా ముందు ప్లగ్ పీకేయాలి. స్విచ్ ఆపితే చాలదు.

డ్రెయిన్ రంధ్రం. సింగిల్ డోర్‌లో లోపలి వెనక గోడ అడుగున, కూరగాయల బాక్స్ పైన చిన్న కాలువ, దాని మధ్యలో వేలు పట్టనంత రంధ్రం ఉంటాయి. దాన్ని మూసేది పెద్దగా ఏమీ కాదు, కొత్తిమీర ఆకు, కరివేపాకు రెబ్బ, ఉల్లిపొట్టు, ఎప్పుడో ఒలికి ఎండిన పెరుగు.

మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి, ఓ సెలైన్ గొట్టం దొరుకుతాయి. గొట్టాన్ని ఓ అడుగు పొడవు కోసి సిరంజికి తగిలించి, చెయ్యి ఓర్చుకునేంత వేడి నీళ్లు నాలుగైదు సిరంజిలు నెమ్మదిగా ఎక్కించండి. అదే సమయంలో ఇంకొకరు వెనక ట్రేలో నీళ్లు పడుతున్నాయో లేదో చూడాలి. పడకపోతే కర్టెన్లకు కట్టే ప్లాస్టిక్ తొడుగు స్ప్రింగ్ ముక్క తీసుకుని, తిప్పుతూ లోపలికి పంపండి. అది వంపుల్లో వంగుతుంది, గొట్టాన్ని చీల్చదు. దారి తెరుచుకున్నాక రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పోస్తే జిగురూ వాసనా పోతాయి.

ఇనుప తీగ వాడొద్దు, ఆ ప్లాస్టిక్ గోడ వెనక గ్యాస్ పైపు ఉండొచ్చు. మరిగే నీళ్లు పోయొద్దు, చల్లటి ప్లాస్టిక్ ఠప్పున పగులుతుంది. యాసిడ్ జోలికి అసలే పోవద్దు.

డబుల్ డోర్‌లో అడ్డు పైన ఫ్రీజర్ గోడ చాటున ఉంటుంది. అన్నీ బయటకు తీసి, తలుపులు తెరిచి, కింద తువ్వాళ్లు పరిచి 10, 12 గంటలు వదిలేయండి. మంచు బాగా పేరుకుపోయి ఉంటే పూర్తిగా ఒక రోజు. తొందరపడి ఓ గంటకే ఆన్ చేస్తే పైది కరిగి అడుగుది అలాగే ఉంటుంది, నాలుగు రోజుల్లో కథ మళ్లీ మొదలు. గొట్టం కింది కొస దగ్గర బాతు ముక్కు లాంటి రబ్బరు మూత చాలా మోడళ్లలో ఉంటుంది. దాని పెదవులు నాచుతో అంటుకుపోతే పైన ఎంత కరిగించినా నీళ్లు దిగవు. వెనక అట్ట విప్పి, రబ్బరు ఊడదీసి, సబ్బు నీళ్లతో కడిగి పెట్టండి.

వెనక ట్రే. కంప్రెసర్ కాలుతుంది కాబట్టి ప్లగ్ తీశాక అరగంట ఆగండి. ట్రేని తీసి, కడిగి, పొడి కాగితం మీద పెట్టి నీళ్లు నింపండి. కాగితం తడిస్తే పగులున్నట్టే. ఎంసీల్ అతికిస్తే కొన్నాళ్లు ఆగుతుంది గానీ, కంప్రెసర్ వేడికి మళ్లీ లేస్తుంది. మోడల్ నంబర్ చెప్పి కొత్త ట్రే తెప్పించుకోవడమే మేలు.

గాస్కెట్. తలుపు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. గట్టిగా పట్టుకోవాలి. చుట్టూ ఓ పది చోట్ల చూడండి. ఊరికే జారివచ్చే చోట ముందు పాత టూత్‌బ్రష్‌తో, సబ్బు నీళ్లతో మడతలు కడగండి. సగం కేసుల్లో తప్పు రబ్బరుది కాదు, జిడ్డుది. వంకరపోయి ఉంటే వేడి నీళ్లలో ముంచిన గుడ్డ ఓ రెండు నిమిషాలు అద్ది, సాగదీసి, తలుపు మూసి ఉంచండి. చిరిగినా, లోపలి అయస్కాంతం పట్టు పోయినా మార్చాలి. కొత్త మోడళ్లలో గాడిలోకి నొక్కితే చాలు. పాతవాటిలో స్క్రూలుంటాయి, ఓపిక లేకపోతే మెకానిక్‌కి వదిలేయండి.

లెవెల్. ముందు కాళ్లు వెనకవాటికంటే ఓ అర సెంటీమీటర్ ఎత్తులో ఉండాలి. తలుపు సగం తెరిచి వదిలితే దానంతట అదే మూసుకోవాలి. ముందుకు వాలి ఉన్న ఫ్రిజ్‌లో కాలువ నీళ్లు రంధ్రం వైపు పోవు, రంధ్రం ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. స్టాండ్ మార్చినప్పటి నుంచే లీక్ మొదలైందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఈ దారికి లోటు ఒక్కటే. డబుల్ డోర్‌లో డ్రెయిన్ తీసిన రెండు వారాల్లోపే మళ్లీ గడ్డకడితే అది చెత్త వల్ల వచ్చింది కాదు. మీ పని అక్కడితో అయిపోయింది.

## రెండో దారి: వీధి చివరి మెకానిక్

డీఫ్రాస్ట్ సమస్యలకు నా ఓటు ఇతనికే. త్వరగా వస్తాడు, సామాను పక్క బజార్లో దొరుకుతుంది, మొత్తం సెట్ మార్చకుండా చెడిన ముక్కే మారుస్తాడు. ఫ్రీజర్ డ్రెయిన్ పదేపదే గడ్డకట్టే ఫ్రిజ్‌కి చేయి తిరిగిన మెకానిక్ ఓ చిట్కా చేస్తాడు. మందపాటి రాగి తీగను ఓ కొసన డీఫ్రాస్ట్ హీటర్‌కి చుట్టి, రెండో కొసను డ్రెయిన్ రంధ్రంలోకి వేలాడదీస్తాడు. హీటర్ వెలిగినప్పుడల్లా ఆ వేడి తీగ వెంట దిగి దారిని తెరిచి ఉంచుతుంది.

పనితనం ఎలాంటిదో ఒక చోట తెలిసిపోతుంది. హీటర్‌కి మల్టీమీటర్ పెడితే సుమారు 200 నుంచి 450 ఓమ్‌ల మధ్య చూపాలి, అసలేమీ చూపకపోతే కాలిపోయినట్టు. బైమెటల్ అలా కాదు. అది బాగా చల్లబడినప్పుడే కలుస్తుంది. గది వేడిలో పట్టుకుని చూస్తే మంచిది కూడా తెగినట్టే చూపిస్తుంది. ఐస్‌లో ఉప్పు కలిపి అందులో కాసేపు ఉంచి చూసేవాడికి పని తెలుసు. చేతిలో పట్టుకుని చూసి "పోయింది సార్" అనేవాడు మీ డబ్బుతో నేర్చుకుంటున్నాడు.

గ్యాస్ పనికి మాత్రం మనిషిని ఎంచుకోవాలి. "గ్యాస్ అయిపోయింది, కొట్టేస్తా" అంటే అక్కడే ఆపండి. ఫ్రిజ్ గ్యాస్ వంటింటి సిలిండర్‌లా ఖర్చయ్యేది కాదు, మూసిన పైపుల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లుంది. చిల్లు మూయకుండా నింపితే కొన్ని వారాలకో, నెలలకో మళ్లీ అదే ఖర్చు. ఇవి అడగండి:

1. లీక్ ఎక్కడో చూపిస్తారా? నైట్రోజన్ ఎక్కించి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాస్తే బుడగలు వస్తాయి.
2. డ్రయర్ ఫిల్టర్ (గ్యాస్‌లోని తేమను పీల్చే ముక్క) కొత్తది వేస్తారా? పైపు తెరిచిన ప్రతిసారీ మార్చాల్సిందే.
3. పైపుల్లోని గాలినీ తేమనీ లాగేసే వ్యాక్యూమ్ పంపు తెస్తారా, ఎంతసేపు పెడతారు? అరగంటకు తక్కువైతే వద్దు. లోపల మిగిలిన తేమ సన్నని కేపిలరీ గొట్టంలో గడ్డకట్టి, కాసేపు చల్లబడి కాసేపు ఆగిపోయే కొత్త జబ్బు తెస్తుంది.
4. గ్యాస్ తూకం వేసి ఎక్కిస్తారా?

నాలుగో ప్రశ్న ఇప్పటి ఫ్రిజ్‌లకు మరీ ముఖ్యం. కంప్రెసర్ మీది స్టిక్కర్ చూడండి. ఆర్600ఏ అని ఉంటే లోపలున్నది ఐసోబ్యూటేన్, ఇంటి ఫ్రిజ్‌లో మామూలుగా 30 నుంచి 70 గ్రాములు. అంత తక్కువలో ఐదారు గ్రాములు అటూ ఇటూ అయినా చల్లదనంలో తేడా తెలుస్తుంది, ప్రెషర్ గేజ్ చూసి అందాజుగా కొట్టడానికి లేదు. పైగా ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు దాని చల్లటి వైపు ప్రెషర్ బయటి గాలికంటే తక్కువగా ఉండొచ్చు. అటువైపు చిల్లుంటే గ్యాస్ పోవడమే కాదు, తేమ గాలి లోపలికి పోతుంది. పాతవాటిలో ఉండే ఆర్134ఏ అనే గ్యాస్ ఇందులో ఎక్కిస్తే కంప్రెసర్ మీద భారం పడి కాలిపోతుంది. వంట గ్యాస్ ఎక్కిస్తానంటే నమస్కారం పెట్టి పంపేయండి.

ఆర్600ఏ మండే గ్యాస్. 50 గ్రాములు వంటగదంతా పరుచుకుంటే అంటుకునే స్థాయికి రాదు. కానీ మూసి ఉన్న 200 లీటర్ల ఫ్రిజ్ లోపల ఓ పది గ్రాములు చేరితే చాలు. ఫ్రీజర్‌లో మంచును కత్తితో పొడిచినప్పుడు బుస్సుమన్నా, ఆగకుండా గాలి పోతున్న చప్పుడు వచ్చినా తలుపు బార్లా తెరిచి, కిటికీలు తీసి, స్టవ్ ఆపేయండి. ఫ్రిజ్ స్విచ్ ముట్టుకోకుండా మెయిన్ దగ్గర ఆపండి, మెయిన్ వంటగది బయట ఉంటేనే. అలాంటి ఫ్రిజ్‌కి గ్యాస్ పూర్తిగా వదిలించి, నైట్రోజన్‌తో తుడవకుండా ఎవరైనా అతుకు వేసే గ్యాస్ టార్చ్ (మంట) వెలిగిస్తుంటే చూస్తూ ఊరుకోవద్దు.

## మూడో దారి: కంపెనీ సర్వీస్

వారంటీలో ఉంటే వేరే ఆలోచనే వద్దు. బయటి చేయి పడితే వారంటీ పోవచ్చు. వారంటీ దాటినా రెండు చోట్ల కంపెనీయే నయం. ఒకటి, ఇన్వర్టర్ కంప్రెసర్ (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునేది) ఉన్న ఫ్రిజ్. దాన్ని నడిపే పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు) మోడల్‌ని బట్టి మారుతుంది, ఊహతో మార్చే వస్తువు కాదు. రెండోది, ఆర్600ఏ పనికి తూకం, పంపు ఉన్న మెకానిక్ మీ ఊళ్లో దొరకనప్పుడు.

ఇబ్బందులూ ఉన్నాయి. విజిటింగ్ చార్జీ పని జరిగినా జరగకపోయినా కట్టాలి. పార్ట్ రావడానికి రోజులు పడుతుంది. చిన్న ముక్క బాగుచేయడం కంటే మొత్తం సెట్ మార్చడమే వాళ్ల అలవాటు. అందుకే మూసుకుపోయిన డ్రెయిన్ కోసం కంపెనీని పిలవడం డబ్బు దండగ.

నంబర్ మాత్రం వారంటీ కార్డు మీదో, ఫ్రిజ్ స్టిక్కర్ మీదో ఉన్నదే వాడండి. నెట్‌లో వెతికితే ముందు వచ్చే "కస్టమర్ కేర్" నంబర్లలో దొంగవి ఉంటాయి. ఏదైనా యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి.

## నాలుగో దారి: కొత్తది కొనడం

నీళ్లు కారుతున్నాయని ఫ్రిజ్ మార్చక్కర్లేదు. మార్చాల్సి వచ్చేది గ్యాస్ దగ్గరే, అదీ చిల్లు ఎక్కడుందన్న దాన్ని బట్టి.

| చిల్లు ఎక్కడ | బాగుచేయడం | తీర్పు |
|---|---|---|
| కంప్రెసర్ దగ్గరి అతుకు | తేలిక | బాగుచేయించండి |
| సింగిల్ డోర్ అల్యూమినియం ఫ్రీజర్ పెట్టె | అతుకు అంత నమ్మకం కాదు, పెట్టె మార్చాలి | 7, 8 ఏళ్లలోపైతే మార్పించండి |
| గోడలోపలి వేడి పైపు | దాన్ని వదిలేసి వెనక బయట కాయిల్ వేయొచ్చు | మంచి మెకానిక్ ఉంటేనే |
| గోడలోపలి చల్లటి పైపు | ఫోమ్ తవ్వాలి, పాత చల్లదనం తిరిగి రాదు | వదిలేయండి |

ఫ్రీజర్ పెట్టెకు అల్యూమినియం పేస్టు అతికిస్తే చౌకగా పోతుంది గానీ, ఆ చోటు చల్లబడి వేడెక్కి, వ్యాకోచించి కుంచించుకుని కొన్నాళ్లకు వదిలేస్తుంది. కొత్తది వచ్చేదాకా నెట్టుకురావడానికైతే సరే.

ఖర్చు లెక్కకు ఒక మోటు కొలత ఉంది. ఫ్రిజ్‌కి పదేళ్లు దాటి, రిపేరు అదే సైజు కొత్త ఫ్రిజ్ ధరలో మూడో వంతు మించితే ఆగిపోండి. ఐదేళ్లలోపుదైతే సగం దాకా పెట్టొచ్చు. కొనేటప్పుడు స్టార్‌లు మాత్రమే లెక్కపెట్టకుండా, లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, దాన్ని మీ యూనిట్ రేటుతో గుణించి చూడండి. పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వండి. తుక్కువాడు చేసే మొదటి పని పైపులు కోయడం, అందులో మిగిలిన గ్యాస్ అక్కడే బయటికి పోతుంది.

## ఎవరికి ఏది

అద్దె ఇల్లు, ఏడాదికోసారి మారేవాళ్లు: ఫ్రిజ్ కదిలించిన ప్రతిసారీ గొట్టం, ట్రే, లెవెల్ చూసుకోండి. ఇళ్లు మారాక వచ్చే లీకులన్నీ దాదాపు ఈ మూడింట్లోవే. పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ఆన్ చేయండి, కంప్రెసర్ నూనె వెనక్కి దిగాలి.

పిల్లలు విదేశాల్లో, అమ్మానాన్నలు ఊళ్లో: వాళ్ల చేత ఫ్రిజ్ జరిపించొద్దు. వీడియో కాల్‌లో మూడే చూపించమనండి: ఐస్ ట్రే, కూరగాయల బాక్స్ కింద, కంప్రెసర్ స్టిక్కర్. ఈ మూడూ చూస్తే ఎవరిని పంపాలో ఇక్కడి నుంచే తేల్చొచ్చు. మెకానిక్‌కి ఫోన్ చేసి మీరే మాట్లాడండి, "గ్యాస్" అన్న మాట అతను అనేదాకా మీరు అనకండి.

ఇంట్లో ఇన్సులిన్ ఉంటే: మొదట దాన్ని పక్కింటి ఫ్రిజ్‌లోకి మార్చండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, ఐస్‌కి నేరుగా తగలకూడదు. ఇలాంటి ఇంట్లో కంపెనీ పార్ట్ కోసం వారం ఆగడం కంటే కాస్త ఎక్కువైనా ఇవాళే వచ్చే మెకానిక్ మేలు.

ఎవరికైనా: వెనక ట్రేని వారానికోసారి ఖాళీ చేసి రుద్ది కడగండి. దోమ గుడ్డు పెట్టింది మొదలు వారం, పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగురుతుంది. డెంగీ తెచ్చే దోమకు ఇంట్లో దొరికే మంచినీటి మడుగుల్లో ఈ ట్రే ఒకటి. గుడ్లు అంచుకు అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే చాలదు, పీచుతో రుద్దాలి. శుక్రవారం డ్రై డే (నీళ్లు నిల్వ లేకుండా చూసుకునే రోజు) అని ఆరోగ్య కార్యకర్తలు పూలకుండీలూ కూలర్లూ చూపిస్తారు, ఫ్రిజ్ వెనక్కి మాత్రం మనమే వంగి చూడాలి.